హేండిలు చింత కింద మా అత్త

హేండిలు చింత దగ్గర బండి ఆపితే ఏమవుతుందని కదూ అడిగావు గోవిందూ? ముందు ఆ గడప మీంచి లేచి ఇలా చాప మీదకి రా. నీ ముందున్న చింతపండు పోగు పోసినది పోసినట్టే ఉంది, గింజ తీస్తూ విను. మిగతావాళ్ళూ అంతే, చేతులు ఆగాయంటే నా నోరూ ఆగిపోతుంది, ముందే చెబుతున్నాను. ఈ పండు ఆ చెట్టుదేనా అని ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకోకండి. ఆ చెట్టు పండు తెచ్చి పులుసు పెట్టే గుండె ఈ ఊళ్ళో ఎవరికుంది? కాయడానికి బ్రహ్మాండంగా కాస్తుంది, ఒక్కో కాయ నా మోచేయంత ఉంటుంది, పండి, ఎండి, రాలి, అక్కడే మట్టిలో కలిసిపోతుంది. కోతులు ముట్టవు. కాకి దాని మీదుగా ఎగరాల్సొస్తే చుట్టు తిరిగి అన్నవరం మీదుగా పోతుంది. నవ్వండి, నవ్వండి, నవ్వుతూ గింజలు తియ్యండి.

తుని పోయే దారిలో మన జీడితోటలు దాటాక, గట్టు ఎక్కే ముందు దారి పళ్ళెంలా చదునుగా ఉంటుంది చూడండి, అక్కడ ఎడంచేతి పక్క పాడుపడ్డ నుయ్యి, ఆ నూతి మీదకి వంగి ఆ చెట్టు. దానికి హేండిలు చింత అని పేరెందుకొచ్చిందంటే, మా అత్త పెళ్ళికి కూడా ముందు మాట ఇది, అప్పట్లో ఈ దారిన బొగ్గు బస్సు తిరిగేది. వెనకాల పొయ్యి, పొయ్యిలో బొగ్గు, ఆ పొగతో నడిచేది. ఇప్పట్లా తాళం తిప్పితే లేచే రకం కాదు. దాని మూతి దగ్గర ఇనప హేండిలు దూర్చి ఒక మనిషి గుండ్రంగా తిప్పాలి, తిప్పితే ఇంజను దగ్గేది, ఇంకా తిప్పితే తుమ్మేది, మనిషి చొక్కా పిండుకునేంత తడిశాక అప్పుడు పోనీలే పాపం అని లేచేది. అలా తిప్పే క్లీనరు పేరు సింహాద్రి. ఆరడుగుల మనిషి అని మా మావగారు చెప్పేవారు, మా అత్త ఏడడుగులనేది, నేను ఎనిమిది అంటున్నాను, రేపు మీ పిల్లలకి చెప్పేటప్పుడు మీ ఇష్టం మీది.

గట్టు ఎక్కే ముందు బస్సుకి దాహం కదా, ఆ నూతి దగ్గర ఆపి నీళ్ళు తోడి పోసేవారు, ఇంజను చల్లబడ్డాక సింహాద్రి మళ్ళీ తిప్పేవాడు. ఒకరోజు హేండిలు ఎదురుతిరిగింది. ఇంజను ఒక్కోసారి పాలివ్వని గేదెలాగా వెనక్కి తన్నేదట, ఆ తన్ను సరిగ్గా గుండె మీద తగిలింది. లేచి నాలుగడుగులు వేసి, చెట్టు మొదట్లో కూర్చుని, కాస్త పడుకుంటాను, లేపకండి అన్నాడట. అంతే, అదే ఆఖరు మాట.

ఆ తర్వాత హేండిళ్ళు పోయి సెల్ఫులు వచ్చాయి. సెల్ఫంటే తెలుసుగా ఈశ్వరమ్మా, నువ్వు అలా బుర్ర ఊపితే నాకు అనుమానమే. తాళం తిప్పగానే ఇంజన్ని గిర్రున తిప్పి లేపే చిన్న మోటారన్నమాట, సింహాద్రి పని అది చేస్తుంది, అన్నం అడగదు. అది చూసి సింహాద్రికి కడుపుమంట పుట్టిందనీ, సెల్ఫున్న బండి ఏది వచ్చినా చెట్టు కింద పట్టి ఆపేస్తాడనీ జనం అనుకున్నారు. అనుకుని ఏం చేశారంటే, వాడు ఆపేలోపల మనమే మర్యాదగా ఆపుదామని ఒక ఆచారం పెట్టుకున్నారు. చెట్టు కిందకి రాగానే ఇంజను కట్టెయ్యాలి, దిగి చెప్పులు విడవాలి, మొదట్లో ఉన్న నల్లరాయి మీద బీడీ వెలిగించి పెట్టాలి, అది కాలి బూడిదయ్యేదాకా చేతులు కట్టుకుని నిలబడాలి, అప్పుడు మళ్ళీ తాళం తిప్పుకోవాలి. లారీవాళ్ళు బీడీ, కారువాళ్ళు సిగరెట్టు, పెళ్ళివాళ్ళు కట్టలకి కట్టలు. ఆ రాయి దగ్గర పేరుకున్న బూడిదతో మన ఊరి గిన్నెలన్నీ ఏడాది తోముకోవచ్చు. మరి అంత మర్యాద చేసినా, తాళం తిప్పితే సగం బళ్ళు లేచేవి కావు. చూశావా వాడి మహిమ అని దణ్ణం పెట్టి, దిగి తోసుకుంటూ పోయేవారు.

అలా ఉండగా నన్ను పాము కరిచింది.

ఆగండి, దానికి ముందు ఇంకోటి చెప్పాలి. అప్పటికి మా అత్త బులెమ్మకీ నాకూ మాటల్లేవు. ఎందుకు లేవంటే, మునక్కాడ ముక్కలు పెద్దవి కోశానని మొదలైంది, ఎక్కడెక్కడికో పోయి మా పుట్టింటివాళ్ళ మూడు తరాల దగ్గర ఆగింది. మా ఆయన విశాఖపట్నంలో తాపీపనికి పోయాడు కనక తీర్పు చెప్పే నాథుడు లేడు. ఆవిడ నాకు చెప్పాల్సింది కోడికి చెప్పేది. ఒసే కోడీ, మజ్జిగ పులిసిపోతోంది, ఈ ఇంట్లో చూసుకునే దిక్కుందా అనేది. నేను గుంజకి జవాబు చెప్పేదాన్ని. ఒరే గుంజా, ఆ మజ్జిగ పొద్దున్నే ఉట్టి మీంచి దింపమన్నాను, వినేవాళ్ళుంటేగా అనేదాన్ని. మా ఇద్దరి మధ్యా నలిగి ఆ కోడి గుడ్లు పెట్టడం మానేసింది, కావాలంటే దాని ఎముకల్ని అడగండి.

జీడిపళ్ళు రాలే రోజులు. తోటలో మోకాలి లోతు ఎండాకు. నేనొక చెట్టు కింద, ఆవిడ పక్క చెట్టు కింద, వీపులు తిప్పుకుని జీడిపిక్కలు ఏరుతున్నాం. ఆకుల కింద ఏదో కుక్కరు కూత పెట్టినట్టు బుస్సుమంది. రక్తపింజరి. ఎంత లావంటే రోకలి అంత. సరే, నువ్వలా చూడకు గోవిందూ, రోకలి కాదు, పచ్చడిబండ అంత. మడమ మీద కాటు వేసి, వేసిన చోటే కూర్చుని నన్ను చూసింది, నువ్వే తప్పు చేశావు అన్నట్టు. నా కేకకి మా అత్త పరిగెత్తుకొచ్చింది. వచ్చి, కోడి కోసం అటూ ఇటూ చూసింది. కోడి లేదు. అప్పుడు నా మొహంలోకి చూసి, పైడమ్మా, కాలు కదపకే అంది.

పాము కరిచినందుకు కాదు, ఆవిడ నన్ను పేరు పెట్టి పిలిచేసరికి నాకు వణుకొచ్చింది. అప్పుడు నమ్మాను, చచ్చిపోతున్నానని.

పక్క ఊళ్ళో మంత్రం వేసే పెద్దాయన ఉన్నాడు, తీసుకుపోదామని ఎవరో అన్నారు. ఆయన్ని పాము కరిస్తే ఎక్కడికి పోతాడో కనుక్కోండి, నా కోడల్ని తిన్నగా అక్కడికే తీసుకుపోతాను అంది మా అత్త. అని, నన్ను భుజాన వేసుకుని, నేనప్పుడు మూడు బస్తాల బరువుండేదాన్ని, రోడ్డు మీదకి తెచ్చింది. అక్కడ తునికి బయలుదేరుతున్న జీపు, దాని నిండా జనం, స్టీరింగు ముందు అప్పికొండ.

అప్పికొండ మా అత్తకి అక్క కొడుకు వరస, మంచివాడే, పిరికివాడు. వాడి జీపు రంగేమిటో దాన్ని కన్నవాళ్ళకే తెలియాలి. దాని సెల్ఫు ఎప్పుడో మంచం పట్టింది, బాగుచేయించే తీరిక వాడికి లేదు. అందుకని రాత్రి మన చెరువుగట్టు వాలులో పెట్టుకునేవాడు, పొద్దున్న బ్రేకు వదిలితే దొర్లుకుంటూ పోయి లేచేది, లేచిందంటే మళ్ళీ పొద్దుగూకేదాకా ఆపేవాడు కాదు. వాడు టీ తాగినా, గడ్డం గీయించుకున్నా, బయట అది ఘుర్రుమంటూనే ఉండాలి. ఒక్క హేండిలు చింత దగ్గరే ఆపేవాడు, అక్కడ లేవకపోతే ఎక్కిన జనం దిగి తోసేవారు, తొయ్యడం కూడా చార్జీలో భాగమే. ఆ రోజు మా అత్త ఏం చేసిందంటే, బరువు తగ్గితే తొందరగా పోతాం కదా అని, జీపులో ఉన్నవాళ్ళందర్నీ చెయ్యి పట్టుకుని లాగి దించేసింది. కరణంగారి తమ్ముణ్ణి కూడా దించింది. చూశారా, తోసేవాళ్ళని ఆవిడే దించుకుంది.

పోతున్నాం. వెనక బల్ల మీద నేను, కాలు అప్పటికే గుమ్మడికాయైంది. మా అత్త నా తల ఒళ్ళో పెట్టుకుని ముందుకు చూస్తోంది. చెట్టు కనపడింది.

ఆపకురా అంది.

ఆపకపోతే వాడు స్టీరింగు పట్టుకుంటాడు పిన్నీ అన్నాడు అప్పికొండ.

వాడు స్టీరింగు పట్టుకుంటే వాడి జుట్టు నేను పట్టుకుంటాను, నువ్వు పోనీ అంది.

అలా అనకు పిన్నీ, పోయినేడు నర్సీపట్నం లారీవాడు ఆపకుండా పోయి మలుపులో బోల్తాపడ్డాడు అన్నాడు. వాడు పీకలదాకా తాగి ఉన్నాడని ఊరంతటికీ తెలుసు, అయినా దెయ్యమున్న చోట సారా మాట ఎవడు వింటాడు? వదినకి ఏమీ కాకూడదనే కదా ఆపేది, ఒక్క బీడీ, ఒక్కటంటే ఒక్కటి, అని ఏడుపుగొంతుతో అంటూనే తాళం వెనక్కి తిప్పాడు. ఇంజను కట్టేశాడు.

మిట్టమధ్యాహ్నం. చెప్పులు విడిచాడు, బీడీ ముట్టించాడు, చేతులు కట్టుకున్నాడు. బీడీ కాలడానికి ఎంతసేపు పడుతుందో మీకు తెలుసనుకుంటున్నారు, తెలీదు. ఒకళ్ళ ప్రాణం పోతుంటే బీడీ కట్టెలమోపు కాలినంతసేపు కాలుతుంది. గాలి లేదు, ఆకు కదలదు. మా అత్త జీపు చుట్టూ తిరుగుతోంది, ఒకసారి నా కాలు చూస్తుంది, ఒకసారి బీడీ చూస్తుంది, మళ్ళీ తిరుగుతుంది. తిరిగి తిరిగి అక్కడ గాడి పడింది, ఇప్పటికీ వానొస్తే అందులో నీళ్ళు నిలుస్తాయి. ఆఖరికి బూడిదైంది. అప్పికొండ దణ్ణం పెట్టి ఎక్కి తాళం తిప్పాడు.

టక్ మంది. అంతే. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ టక్. గిర్రున తిరిగే చప్పుడు లేదు, దగ్గు లేదు, తుమ్ము లేదు. దిగి ఇద్దరూ తోశారు, ముందు ఎక్కుడు, కింద ఇసక, జీపు గుడి ముందు నందిలా కూర్చుంది. అటు చూస్తే మనిషి లేడు, ఇటు చూస్తే మనిషి లేడు. నాకు నోట్లో ఉప్పగా తగిలింది, చిగుళ్ళలోంచి నెత్తురు. మా అత్త కొంగుతో తుడిచింది, తుడిచి కొంగు చూసుకుంది, చూసుకుని ఆ కొంగే నడుముకి బిగించి చెట్టు దగ్గరికి పోయింది. నల్లరాయి మీదున్న బూడిదని కాలితో తన్ని, ఒరే సింహాద్రీ, కిందకి దిగరా అంది.

చెట్టులోంచి ఒక గొంతు, నూతిలోంచి తుప్పు పట్టిన గిలక మీద బిందె లాగినట్టు, నెమ్మదిగా మాట్లాడమ్మా, ఇప్పుడే కన్నంటుకుంది అంది.

అప్పికొండ జీపు కిందకి దూరిపోయాడు. నేను? నేనెక్కడికి దూరను, కాలు రావద్దూ.

నా కోడలి ప్రాణం ఎందుకు ఆపావురా అని అడిగింది మా అత్త. నేనాపానా అన్నాడు వాడు. నేను ఇన్నేళ్ళలో ఒక్క బండి ఆపలేదు, మీకై మీరే వచ్చి నా నెత్తిమీద ఇంజను కట్టేస్తారు, ఆ పాడు బీడీ నా ముక్కు కింద పెడతారు, బొగ్గు పొగ పీల్చి బతికినవాణ్ణి నాకు పొగంటేనే పడదు, బతికుండగా ఒక్క బీడీ తాగి ఎరగను. పోనీ అది అయ్యాకైనా పోతారా అంటే, లేవని బండిని పట్టుకుని టక్కూ టక్కూ టక్కూ. నడుస్తున్న బండినెవడూ దారి మధ్యలో కట్టెయ్యడు కదా, దాని జబ్బు వాడికి ఎక్కడా తెలీదు, ఇక్కడ కట్టేస్తాడు, ఇక్కడ బయటపడుతుంది, పేరు నాది. కాస్త పడుకుంటాను అన్నాను, అంతకన్నా ఏమడిగాను మిమ్మల్ని, అన్నాడు. అని ఇంత పొడుగు ఆవలింత తీశాడు. దెయ్యానికైనా నిద్ర లేకపోతే అంతే మరి.

మా అత్తకి జాలి వెయ్యలేదా అంటే వేసింది, కానీ ఆ జాలి పక్కన పెట్టింది. నీ నిద్ర సంగతి తర్వాత చూద్దాం, దీన్ని లేపే దారి చెప్పు, చెప్పకపోతే నీ మొదట్లో కూర్చుని ఏడవడం మొదలుపెడతాను, నేనేడిస్తే మా ఊళ్ళో కుక్కలు పొలిమేర దాటి పోతాయి అంది. వాడు భయపడ్డాడు. నువ్వు కూర్చోకు తల్లీ, చెబుతాను, నా నెత్తిమీదే కదా మెకానిక్కులు వచ్చి విప్పేది, చూసి చూసి అన్నీ వచ్చాయి నాకు అన్నాడు.

ముందు దీపాలు వెయ్యమన్నాడు. అప్పికొండని కాలు పట్టి బయటికి లాగి వేయించింది. ఎండలో ఏం తెలుస్తుంది, అరచెయ్యి అడ్డం పెట్టి చూడు అన్నాడు. చూసింది, బాగానే వెలుగుతోంది. ఇప్పుడు దీపం అలాగే ఉంచి తాళం తిప్పమను, వెలుగు చచ్చిపోతే బ్యాటరీకి బలం లేనట్టు అన్నాడు. తిప్పాడు, టక్ మంది, వెలుగు తగ్గలేదు. హారను కొట్టమన్నాడు, కొడితే నూతిలో పావురాలు లేచిపోయాయి. అయితే బ్యాటరీ గట్టిదే, దాని తీగలు చూడు, వదులుగా ఉన్నాయా, ఉప్పు పూసిందా అన్నాడు. మూత ఎత్తి చూస్తే ఉప్పు లేదు కానీ, దసరాకి పూసిన పసుపూ కుంకుమా గంధమూ తీగలు తగిలించే బొడిపెల మీద పెచ్చు కట్టి ఉంది, దాన్ని కొంగుతో రుద్ది, తీగలు అటూ ఇటూ తిప్పి బిగించింది. మళ్ళీ తాళం, మళ్ళీ టక్.

ఇక మోటారే అన్నాడు సింహాద్రి. పిలుపు అందుతోంది, టక్ మని పలుకుతోంది, కానీ లేవడం లేదు. లోపల బిగుసుకుపోయింది. పిలిస్తే ఊఁ అని, ఉన్నచోటే ఉండే మనుషులుంటారు చూడు, అలాంటిది.

మా ఇంట్లో ఒకత్తి ఉంది అంది మా అత్త, నా వైపు చూడకుండా.

నాకు ఒళ్ళు తెలిసీ తెలియకుండా ఉంది, అయినా ఆ మాట మాత్రం చక్కగా వినపడింది. గుంజ ఉంటే జవాబు చెప్పేదాన్ని.

ఏం చెయ్యాలి దీన్ని అని అడిగింది. తట్టాలి అన్నాడు. గేరు తీసి, చేతిబ్రేకు లాగి, చక్రాలకి రాళ్ళు పెట్టించు, లేకపోతే జీపు నీమీంచి నడిచిపోతుంది. కిందకి దూరు. ఇంజను పక్కన ఆనపకాయ పిందె అంత ఇనప డబ్బా అంటుకుని ఉంటుంది, అదే. వాణ్ణి తాళం తిప్పి పట్టుకోమను, నువ్వు రాయితో దాని వీపు మీద తట్టు. కొట్టకు తల్లీ, నీ చేతులు చూస్తే భయమేస్తోంది, పసిపిల్లని జోకొట్టినట్టు తట్టు, అన్నాడు.

మా అత్త దూరబోతూ ఆగి అప్పికొండ చొక్కా పట్టుకుంది. ఒరే, ఇది లేచిందంటే నేను బయటికి దొర్లి అరుస్తాను, చక్రాల కింద రాళ్ళు నేనే లాగేస్తాను, ఆ క్షణమే పో. నేనెక్కానా లేదా అని చూడకు. నాకోసం ఆగావనుకో, నీ కాలు తడబడి ఇంజను మళ్ళీ ఆగిందనుకో, ఇది మళ్ళీ లేవదు, అది మళ్ళీ లేవదు, అంది. ఆ ‘అది’ నేను. కాలుతున్న నేల మీద వెల్లకిలా పడుకుని జీపు కిందకి పోయింది.

టక్, రాయి చప్పుడు. టక్, రాయి చప్పుడు. ఆ చప్పుడు నా వీపు కింద బల్లకి తగులుతోంది, నన్నే తడుతున్నట్టుంది. మెల్లగా, మెల్లగా అంటున్నాడు చెట్టులోంచి వాడు. ఉన్నట్టుండి గిర్రుమంది, గిర్రుమని దగ్గింది, దగ్గి లేచింది. జీపంతా వణికింది. మా అత్త నల్లటి నూనెలో ముంచి తీసిన వంకాయలా బయటికి దొర్లి, రాళ్ళు లాగేసి, పో అంది. అప్పికొండ వెనక్కి చూడబోతే చేతిలో రాయి ఎత్తింది. వాడు పోనిచ్చాడు. వెనకనుంచి చూస్తున్నాను, ఆ దుమ్ములో ఆవిడ చిన్నదైపోతోంది, చెయ్యి మాత్రం ఊపుతూనే ఉంది, పొండి, పొండి అని.

ఆసుపత్రిలో నా ఒంట్లోకి ఎక్కించిన మందుతో ఒక చెరువు నిండుతుంది. డాక్టరమ్మ ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేది కాదంది. కళ్ళు తెరిచినప్పుడల్లా అత్తేదీ అని అడిగేదాన్నట. అప్పికొండ వెనక్కి పోదామనే చూశాడు, కానీ కంగారులో ఆసుపత్రి గుమ్మంలో ఇంజను కట్టేశాడు వెధవ. జీపు అక్కడే కూర్చుంది.

ఇక్కడ చెట్టు కింద మా అత్త సంగతి చెప్పాలి. ఇదంతా ఆవిడ నాకు చెప్పిందే, ఉప్పూ కారం మాత్రమే నావి. జీపు కనుమరుగయ్యాక కూర్చోలేదు, నిలబడలేదు. చెట్టు చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. కాసేపు కూర్చో తల్లీ, నాకు కళ్ళు తిరుగుతున్నాయి అన్నాడు సింహాద్రి. ఆవిడ ఆగి, నువ్వు అటువైపు మనిషివి కదా, నా కోడలు అటు వచ్చిందేమో చూసి చెప్పు అంది. వాడు అటు వెళ్ళి చూసొచ్చాడు. తర్వాత, రాలేదు అన్నాడు. మళ్ళీ తిరిగింది. మళ్ళీ వచ్చిందా అని అడిగింది. రాలేదు. సరిగ్గా చూడు, కాస్త పొట్టిగా, నల్లగా, మొండిగా ఉంటుంది. రాలేదు తల్లీ. పొద్దు వాలేదాకా ఇదే వరస.

మధ్యలో బళ్ళు వచ్చాయి. తునికి ఎక్కించుకుపోతారేమో అని ప్రతిదానికీ చెయ్యెత్తి అడ్డం పోయింది. మరి ఆవిడ అవతారం చూడండి, జుట్టు విరబోసుకుని, మొహం నిండా నల్లనూనె, దానిమీద పసుపూ కుంకుమా, కొంగుకి నెత్తురు, చేతిలో రాయి, పైన హేండిలు చింత. లారీవాడు దూరంనుంచి చూసి, ఆచారం ప్రకారం ఆపబోయినవాడు కాస్తా గేరు మార్చి గట్టు ఎగిరాడు. స్కూటరు మీద ఒక మేష్టారు కళ్ళు మూసుకుని పోయాడు, కళ్ళు మూసుకుని ఆ మలుపు ఎలా తిరిగాడో వాళ్ళ కులదైవానికే ఎరుక. బస్సువాడు బీడీకట్ట కిటికీలోంచి విసిరేసి పోయాడు. ఆపండిరా, మనిషినిరా అని అరిస్తే ఇంకా జోరు పెంచారు. ఒక్కడు ఆపలేదు, ఒక్కడు ఇంజను కట్టెయ్యలేదు, ఒక్క బండీ చెడిపోలేదు.

చీకటిపడే వేళకి, వచ్చిందా అని మళ్ళీ అడిగితే, జవాబు లేదు. సింహాద్రీ అంది. గురక వినపడింది. ఇన్నేళ్ళకి చప్పుడు లేని పూట దొరికింది కదా, వాడు నిద్రపోయాడు. లేపుదామని చెయ్యి ఎత్తి, లేపకండి అన్న మాట గుర్తొచ్చి, దించేసింది. రాలేదు అని చెప్పేవాడు కూడా లేకపోయాక ఇక అక్కడ ఎలా ఉంటుంది? నడక మొదలుపెట్టింది. గట్టు ఎక్కి, దిగి, తుని దాకా.

తెల్లారి వార్డులో గోల. నర్సు ట్రే పడేసింది. గుమ్మంలో మా అత్త, చేతిలో ఆ రాయి అలాగే ఉంది, వదిలెయ్యాలని కూడా తోచలేదు. లోపలికి వచ్చింది, నా వైపు చూడలేదు. సెలైను సీసా తగిలించిన స్టాండు వైపు తిరిగి, ఏమే, ఇది బతికే ఉందా అని అడిగింది. నేను మంచం కోడుకి చెప్పాను, ఉందని చెప్పవే అని. అప్పుడు ఆ స్టాండు పట్టుకుని అలాగే కింద కూలబడి ఏడ్చింది. నిజమే, తునిలో కుక్కలు ఆ పూట కనపడలేదు.

ఆ తర్వాత హేండిలు చింత దగ్గర బీడీల ఆచారం పోయింది. మగదెయ్యాన్ని మింగేసిన ఆడదెయ్యం వచ్చిందని, దానికి కోరలు మూరెడున్నాయని, ఆగితే అంతేనని చెప్పుకున్నారు. ఎవడూ ఆపడు కనక ఎవడి బండీ అక్కడ చెడదు. కిరాణా కొట్టు దగ్గర ఆ దెయ్యం వర్ణన విని మా అత్త పొంగిపోయేది, ముసలిది అన్నవాడితో మాత్రం తగువుపెట్టుకునేది.

పోయే ముందు ఏమందో తెలుసా? అప్పటికి మంచం మీద ఉంది, మాటలు కలిశాయా అని అడక్కండి, పక్కన ఇంకో కోడి ఉంది. దానితో చెప్పింది, నేను పోయాక చెట్టు దగ్గరికే పోతాను, పడుకున్నవాణ్ణి ఎవడూ లేపకుండా ఒకళ్ళు కాపలా ఉండాలి కదా అని.

ఉంది మరి. పోయిన నెల కాకినాడ కుర్రాడెవడో ఫోనొచ్చిందని ఆ చెట్టు కింద కారాపి, ఇంజను కట్టేశాడట. మాట్లాడటం అయ్యాక తిప్పితే టక్. మళ్ళీ టక్. అప్పుడు కారు కిందనుంచి ఎవరో రాయితో నెమ్మదిగా తట్టారట, పసిపిల్లని జోకొట్టినట్టు. కారు లేచింది. లేచాక కిటికీ పక్కనుంచి ఒక ఆడగొంతు, వచ్చిందా అని అడిగిందట. వాడికేం తెలుసు, వాడు ఇప్పటికీ జ్వరంతో ఉన్నాడు.

అందుకని గోవిందూ, ఆ పక్కకి పోకు. పోవాల్సే వస్తే ఆటో ఆపకు. ఆగే పరిస్థితే వస్తే ఇంజను కట్టెయ్యకు. ఇవన్నీ కాదని కట్టేశావనుకో, ఆవిడ లేపిపెడుతుంది, ఏమీ చెయ్యదు, దణ్ణం పెట్టుకుని వచ్చెయ్. కానీ ఏ ఊరివాడివని అడిగితే మన ఊరి పేరు చెప్పకు. పైడమ్మని ఎరుగుదువా అంటే ఎరగనను. నేనింకా ఇక్కడ చింతపండు గింజలు తీయిస్తూ కూర్చున్నానని తెలిసిందంటే, ఇంకా ఎందుకు రాలేదని కబురు నీచేతే పంపిస్తుంది.